‘కమీనో’కు ‘గమనం’తో చుట్టరికం ఉందా?

సందేహం: మేము కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉంటున్నాము. ఊరి మీదుగా వెళ్ళే పెద్ద రోడ్డు పేరు ‘ఎల్ కమీనో రెయాల్’. స్పానిష్‌లో ‘కమీనో’ అంటే దారి అట. ఇది సంస్కృత ‘గమన’ శబ్దం నుంచి పుట్టిందేనా?

సమాధానం: కాదు. చెవికి వినబడే పోలిక ఒక్కటే వ్యుత్పత్తికి ఆధారం కాజాలదు. సంస్కృతం, స్పానిష్‌కు తల్లిభాష అయిన లాటిన్ ఒకే మూలభాష నుంచి చీలిన మాట నిజమే గాని, ఆ మూలభాషలో పెదవులు గుండ్రంగా చుట్టి పలికిన గకారం సంస్కృతంలో గకారంగానో జకారంగానో నిలిచిన చోట, లాటిన్‌లో పదాదిన సాధారణంగా వకారమైంది. మన ‘జీవ’ శబ్దానికి అక్కడ ‘వీవుస్’ సాటి రావడం ఇందువల్లనే. ఆ లెక్కన ‘గమ్’ ధాతువుకు లాటిన్‌లో జ్ఞాతి ‘వెనీరే’. స్పానిష్ వారు వకారంతో రాసి బకారానికి దగ్గరగా పలికే ‘వెనీర్’ (రావడం) దాని సంతతే. ఇంగ్లీషు ‘కమ్’ కూడా ఈ కుటుంబంలోనిదే.

‘కమీనో’ అసలు లాటిన్ సొత్తే కాదు. దారికి ‘వియా’, ‘ఇతేర్’ వంటి సొంత మాటలుండగానే, నేటి ఫ్రాన్సు ప్రాంతంలో నివసించిన గాల్ జాతుల కెల్టిక్ భాష నుంచి ‘కమ్మీనుస్’ అనే రూపం వ్యవహార లాటిన్‌లో చేరి, స్పానిష్‌లో ‘కమీనో’గా, పోర్చుగీసులో ‘కమీన్యు’గా మారింది. మూలార్థం ‘అడుగు’ అనడానికి అదే కెల్టిక్ కుటుంబంలోని ప్రాచీన ఐరిష్ ‘కేమ్’, వెల్ష్ ‘కామ్’ సాక్ష్యం. నేడు స్పెయిన్‌లో ఊళ్ళను కలిపే రోడ్డును ‘కర్రెతేరా’ అంటారు. అది బండి అని అర్థమిచ్చే ‘కర్రేతా’ మీద ఏర్పడిన మాట. దానికి మూలమైన లాటిన్ ‘కర్రుస్’ సైతం గాల్‌ల నుంచి తెచ్చుకున్నదే. రోడ్లు వేయడంలో అంత పేరు గడించిన రోమన్లు బాటకూ బండికీ తాము జయించిన వారి మాటలను స్వీకరించడం విశేషమే.

మీరు వెతికిన చుట్టరికం నిజానికి పక్క మాటలో ఉంది. ‘రెయాల్’ లాటిన్ ‘రేగాలిస్’ నుంచి, అది రాజు అనే అర్థంగల ‘రేక్స్’ నుంచి వచ్చాయి. ‘రేక్స్’, సంస్కృత ‘రాజన్’ జ్ఞాతులు. 1769–1823 మధ్య వెలసిన 21 క్రైస్తవ మిషన్లను కలిపిన దారిగా ప్రసిద్ధమైన ఆ రోడ్డు పేరును ‘రాచబాట’ అని తెలిగిస్తే, ‘రాచ’ ‘రాజ’ శబ్దపు తద్భవం కనుక, అర్థంతో పాటు ఆ చుట్టరికమూ నిలుస్తుంది. స్పానిష్‌లో ‘వాస్తవమైన’ అనే అర్థంలో ఇంకొక ‘రెయాల్’ ఉన్నది గాని, అది వస్తువును చెప్పే లాటిన్ ‘రేస్’ నుంచి వచ్చిన వేరు మాట. ఈ రోడ్డు పేరుతో దానికి సంబంధం లేదు.