రాజు నోట్లోకి బుట్టలు మోసే ఫ్రెంచ్ లిథోగ్రాఫ్ (రాతి అచ్చు బొమ్మ) కథేమిటి? ఆన్‌లైన్‌లో అమ్ముతున్నది అసలుదేనా?

కుర్చీలో భారీ మనిషి, అతని నోటిదాకా వేసిన పలక మీద బుట్టలు మోస్తున్న బుల్లి మనుషులు. ఇది దేని మీద ఎగతాళి, అమ్మకానికి పెట్టిన ప్రతి అసలుదేనా అని అడిగారు. రెండోదానికి ముందే చెప్పేస్తాను: దాదాపు ఖాయంగా కాదు.

ఇది ఫ్రెంచ్ వ్యంగ్య చిత్రకారుడు ఓనరే దోమియే 1831 డిసెంబరులో గీసిన ‘గార్గంతువా’. 16వ శతాబ్దపు రచయిత రబలే సృష్టించిన తిండిపోతు మహాకాయుడి పేరది. మనకు చప్పున బకాసురుడు గుర్తొస్తాడు. కానీ ఈ బొమ్మలో అసలు కిటుకు నోటి దగ్గర లేదు, కుర్చీ కింద ఉంది. అది దొడ్డికి కూర్చునే కుర్చీ. కిందికి రాలుతున్నవి నియామక పత్రాలు, పదవులు, పతకాలు. వాటి కోసం మూగినవాళ్లు రాజుకు కొమ్ముకాసే ప్రజాప్రతినిధులు. కుడివైపు కింద చింకిబట్టల జనం, వాళ్లలో చంటిబిడ్డ తల్లి కూడా, ఉన్న నాణేలు బుట్టలో వేస్తున్నారు. పలక మీంచి జారిపడే చిల్లర ఏరుకోవడానికి రాజు కాళ్ల దగ్గర ఇంకో గుంపు.

ఆ రాజు లూయీ ఫిలిప్. 1830 జులై విప్లవం పుణ్యమా అని గద్దెనెక్కి, ‘పౌర రాజు’ననిపించుకున్నాడు. అతనికి ఏటా ఇచ్చే భత్యం ఎంతుండాలన్న రగడ అప్పుడు నడుస్తోంది. 1 కోటి 80 లక్షల ఫ్రాంకుల ప్రతిపాదన వచ్చింది, చివరికి 1832లో 1 కోటి 20 లక్షలకు తేల్చారు. ఓటు మాత్రం ఏడాదికి 200 ఫ్రాంకుల ప్రత్యక్ష పన్ను కట్టేవాళ్లకే. 3 కోట్లు దాటిన జనాభాలో వాళ్లు 2 లక్షల మంది కూడా లేరు. బుట్ట నింపే ఆ తల్లికి దక్కేదేమీ లేదన్నది అక్కడ చురక.

ప్రచురణకర్త ఓబేర్ దీన్ని తన దుకాణం కిటికీలో తగిలించాడు. పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు, బొమ్మ గీసిన అచ్చురాయి పగలగొట్టమన్నారు. 1832 ఫిబ్రవరిలో దోమియేకి, ఓబేర్‌కి, ముద్రాపకుడు దలపోర్త్‌కి తలా 6 నెలల జైలు, 500 ఫ్రాంకుల జరిమానా పడ్డాయి. దోమియేని వెంటనే లోపల వెయ్యలేదు. అతను గియ్యడం ఆపకపోయేసరికి ఆగస్టు చివర్లో పట్టుకెళ్లి సెంత్ పెలజీ జైల్లో పెట్టారు.

లిథోగ్రాఫ్‌కు రాయే ప్రాణం. సున్నపురాయి మీద జిడ్డు క్రేయాన్‌తో గీసి, తుమ్మజిగురు, ఆమ్లం కలిపి పూసి, తడిపి సిరా రోలర్ తిప్పితే సిరా జిడ్డున్నచోటే అంటుతుంది. చెక్కే పనే లేదు కాబట్టి వార్త చల్లారకముందే బొమ్మ వీధిలో ఉంటుంది. రాయి పోతే మాత్రం ఇక ప్రతులు రావు. అందుకే ‘గార్గంతువా’ అసలు ప్రతులు మిగిలినవే బహు కొద్ది.

పరీక్షకు 10 రెట్ల భూతద్దం చాలు. నీడల్లో క్రేయాన్ నూగు ఎగుడుదిగుడుగా కనిపించాలి. వరసల్లో పేర్చినట్టు సమానమైన చుక్కలు కనిపిస్తే అది తర్వాతి కాలపు ఫొటో ముద్రణ. మీ స్తోమతకు దొరికే అసలు దోమియేలు ఎక్కువగా ‘ల షరివారి’ దినపత్రికవి. పల్చటి కాగితం, వెనకవైపు వార్తల అచ్చు ఉంటాయి. ఆ అచ్చు ఇవతలికి కనిపిస్తుంటే ధర తగ్గించి అడగండి. వెనక ఖాళీగా ఉంటే నకిలీ అనుకోవద్దు, మందపాటి తెల్లకాగితం మీద విడిగా కూడా అచ్చేసేవారు, వాటికి గిరాకీ ఎక్కువ. తేదీ కూడా చూడండి. 1835 సెప్టెంబరు చట్టంతో బొమ్మలకు ముందస్తు అనుమతి తప్పనిసరైంది. ఆ తర్వాత 1848 దాకా వచ్చినవాటిలో రాజు ఉండడు, లాయర్లు, ఇంటి యజమానులు, మోసగాడు రొబేర్ మకేర్ లాంటివాళ్లు ఉంటారు.