కరెంటు పోతే ముందు గాలి, ఆ తర్వాతే నీళ్లు

ప్రశ్న: డాబా మీద 500 లీటర్ల చేపల ట్యాంకు, పక్కనే మొక్కలకి ఒక గ్రో బెడ్‌తో ఆక్వాపోనిక్స్ (చేపల నీళ్లతోనే మొక్కల పెంపకం) పెట్టుకున్నాం. ట్యాంకులో తిలాపియా మొత్తం 8 కిలోల దాకా ఉంటుంది. నీళ్ల పంపు, ఎయిర్ పంపు రెండూ ఇంటి ఇన్వర్టర్ మీద పెడితే గుర్రుమంటూ వేడెక్కుతున్నాయి. ఇన్వర్టర్ మార్చాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆ చప్పుడు చూస్తే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అనిపిస్తోంది. ఈ చిన్న పంపుల్లోని కాయిల్, అయస్కాంతం సైన్ వేవ్ కరెంటుకి తగ్గట్టు చేసినవి. స్క్వేర్ వేవ్ మీద అవి మోతెక్కుతాయి, వేడెక్కుతాయి, త్వరగా పాడవుతాయి. అయినా ఇన్వర్టర్ మార్చమని చెప్పను. చేపలకి విడిగా ఒక చిన్న బ్యాటరీ పెట్టుకోండి. ఇంటి ఇన్వర్టర్‌కి ఉండే 12 వోల్టుల 150 ఏహెచ్ (యాంపియర్ అవర్లు) బ్యాటరీలో నికరంగా వాడుకోదగ్గది 900 వాట్ అవర్లు. రాత్రి నాలుగు ఫ్యాన్లు తిరిగితే మూడు గంటల్లో అయిపోతుంది. పైగా ఏ లోడూ లేకపోయినా ఇన్వర్టర్ తన కోసమే 15, 20 వాట్లు తినేస్తుంది. మీ ఎయిర్ పంపు తీసుకునేదీ దాదాపు అంతే.

మీ దగ్గరున్న సమయం ఎంతో చూడండి. 30 డిగ్రీల నీళ్లు లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములకి మించి ఆక్సిజన్ పట్టుకోలేవు. నడుస్తున్న ట్యాంకులో 6 ఉందనుకుందాం. తిలాపియా కిలోకి గంటకి సుమారు 300 మిల్లీగ్రాములు వాడుకుంటుంది, అంటే 8 కిలోలకి 2,400. డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) 6 నుంచి 3కి పడిపోవాలంటే 500 లీటర్లలో ఖర్చు కావాల్సింది 1,500 మిల్లీగ్రాములే. నలభై నిమిషాలు కూడా పట్టదు. మేత వేసిన వెంటనే కరెంటు పోతే ఇంకా ముందే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అందుకే కోత వేళలు తెలిస్తే ఆ ముందు మేత వేయొద్దు. కరెంటు లేనంతసేపూ అసలు వేయొద్దు.

నీళ్ల పంపు సంగతి వేరు. కంకర, క్లే బాల్స్ ఉన్న గ్రో బెడ్ ఖాళీ అయినా తడి గంటల తరబడి ఉంటుంది. వేర్లకీ, అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకీ గాలి అందుతుంది. బెడ్ నిండుగా ఉన్నప్పుడు పంపు ఆగిపోతేనే ఇబ్బంది, నిలవ నీళ్లలో బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అందదు. కోత మూడు గంటలు దాటేలా ఉంటే బెడ్‌లో నీటి మట్టాన్ని నిలిపే స్టాండ్ పైపు పీకి నీళ్లు దింపేయండి. పైపుల్లో పలచగా నీళ్లు పారే ఎన్ఎఫ్‌టీకి మాత్రం ఈ వెసులుబాటు లేదు. మే నెల ఎండలో గంట, రెండు గంటల్లోనే వేర్లు ఎండుతాయి. అరగంటకోసారి చేత్తోనైనా నీళ్లు పోయాల్సిందే.

కాబట్టి బ్యాకప్ అంతా గాలికే ఇవ్వండి. 12 వోల్టులతో నడిచే 6 వాట్ల డీసీ ఎయిర్ పంపు ఒకటి, 12 వోల్టుల 7 ఏహెచ్ ఎస్ఎంఎఫ్ (నీళ్లు పోయనక్కర్లేని సీల్డ్) బ్యాటరీ ఒకటి చాలు. బ్యాటరీలో 84 వాట్ అవర్లుంటాయి. సగమే వాడుకున్నా ఏడు గంటలు నడుస్తుంది. అదే లిథియం ఫాస్ఫేట్ 6 ఏహెచ్ అయితే ఎనభై శాతం దాకా వాడొచ్చు, పది గంటలు వస్తుంది. ఎండ తగిలే చోట ఎస్ఎంఎఫ్ ఎక్కువ కాలం ఉండదు, నీడలో గాలాడే పెట్టెలో పెట్టండి.

దానంతటదే ఆన్ కావాలంటే ఆటో ఎలక్ట్రికల్ షాపులో దొరికే 12 వోల్టుల ఐదు పిన్నుల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) తెచ్చుకోండి. మధ్య పిన్ మీద 87ఏ అని ఉండాలి. కొన్నింటికి రెండూ 87లే ఉంటాయి, అవి దీనికి పనికిరావు. 85, 86 పిన్నులకి 12 వోల్టుల అడాప్టర్ వైర్లు కలపండి. బ్యాటరీ ప్లస్ నుంచి 3 యాంపియర్ల ఫ్యూజ్ ద్వారా 30కి, 87ఏ నుంచి పంపు ప్లస్‌కి. పంపు మైనస్ నేరుగా బ్యాటరీ మైనస్‌కి. మెయిన్స్ ఉన్నంతసేపూ రిలే పంపుని ఆపి ఉంచుతుంది, పోగానే కలుపుతుంది. 87ఏ దగ్గరే ఒక 12 వోల్టుల బజర్ కూడా కలిపితే మీకూ తెలుస్తుంది. అడాప్టర్‌ని తప్పనిసరిగా మెయిన్ పంపులున్న బోర్డులోనే పెట్టండి. ఊరంతా కరెంటు ఉండి మీ డాబా ఎంసీబీ మాత్రమే ట్రిప్ అయిన రోజున కాపాడేది అదే. ఆ బోర్డు ఇన్వర్టర్ లైన్‌లో ఉండకూడదు. బ్యాటరీకి ఈ అడాప్టర్‌తో చార్జింగ్ పెట్టొద్దు. 13.5 నుంచి 13.8 వోల్టులిచ్చే ఫ్లోట్ చార్జర్ విడిగా కావాలి, లిథియం అయితే దాని చార్జర్ వేరు.

పంపుని నీటి మట్టానికి పైన పెట్టండి, గొట్టానికి చెక్ వాల్వ్ వేయండి. లేదంటే ఆగి ఉన్నప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి పాకి పంపులోకి దిగుతాయి. వాడకుండా నీళ్లలో పడి ఉన్న ఎయిర్ స్టోన్‌కి (గాలి బుడగలొదిలే రాయికి) జిగురు పట్టి మూసుకుపోతుంది. నెలకోసారి అడాప్టర్, చార్జర్ రెండింటి ప్లగ్‌లూ తీసి మూడు గంటలు బ్యాటరీ మీద నడపండి. పంపు నడుస్తుండగా మల్టీమీటర్ 11.8 కంటే తక్కువ చూపిస్తే బ్యాటరీ మార్చే సమయం వచ్చినట్టే.

ప్రశ్న: యూఎస్‌బీ ఎయిర్ పంపుని పవర్ బ్యాంకుకి పెడితే కాసేపటికే ఆగిపోతోంది. పవర్ బ్యాంకు పాడైందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పాడవలేదు. పంపు తీసుకునే కరెంటు మరీ తక్కువ కావడంతో ఫోన్ చార్జింగ్ పూర్తయిందనుకుని ఆపేస్తోంది. కొన్ని మోడళ్లలో బటన్ రెండుసార్లు నొక్కితే లో కరెంట్ మోడ్ వస్తుంది, మాన్యువల్‌లో చూడండి. లేదంటే వైఫై రౌటర్‌కి పెట్టే 12 వోల్టుల మినీ యూపీఎస్‌కి 12 వోల్టుల పంపు కలపండి. అది ఇలా ఆగదు, కరెంటు పోగానే తనే అందుకుంటుంది. యూఎస్‌బీ పంపులకి ఒత్తిడి తక్కువ, స్టోన్‌ని ట్యాంకు అడుగున కాకుండా ఒక అడుగు లోతులో వేలాడదీయండి.

ప్రశ్న: కరెంటు పోయిన ప్రతిసారీ గ్రో బెడ్ నుంచి దిగిన నీళ్లు చేరే సంప్ పొంగి నేలంతా నీళ్లవుతున్నాయి. తిరిగొచ్చాక బెడ్ నీళ్లని తనంతట తానే దింపే సైఫన్ పనిచేయడం లేదు.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీటరు పొడవు, మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతున్న బెడ్‌లో కంకర పోగా 120 లీటర్ల నీళ్లు పడతాయి. పంపు ఆగితే అవన్నీ సంప్‌కే దిగొచ్చు. మామూలుగా నడిచేటప్పుడు సంప్‌లో ఆ మేరకు ఖాళీ ఉండాలి. పంపు పైపు చివర బెడ్ నీళ్లలో మునిగి ఉంటే నీళ్లు వెనక్కి లాగేస్తాయి, చివరని నీటిపైకి ఎత్తండి. సైఫన్ పట్టకపోతే పంపు జాలీలో చెత్త, లోపల చిక్కిన గాలి చూడండి. ప్రవాహం తగ్గితే బెల్ సైఫన్ అందుకోదు. కరెంటు తిరిగొచ్చే క్షణంలో వోల్టేజీ ఎగురుతుంది కనుక, ఫ్రిజ్ స్టెబిలైజర్‌లా కాసేపాగి కరెంటిచ్చే డిలే ఉన్న పరికరం పంపుకి వాడితే మంచిది.

ప్రశ్న: హుద్‌హుద్ లాంటి తుపాను వస్తే?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: 2014 అక్టోబర్ 12న అది తీరం దాటాక మీ నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. మూడు రోజులకి 6 వాట్ల పంపు తినేది 432 వాట్ అవర్లు. 12.8 వోల్టుల 45 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే సరిపోతుంది. తుపాను మబ్బులో సోలార్ ప్యానెల్ మీద ఆశ పెట్టుకోవద్దు. హెచ్చరిక రాగానే మేత ఆపేయండి, వారం పస్తున్నా పెద్ద చేపలకి ఏమీ కాదు. ఎదిగిన వాటిని ముందే పట్టేయండి, బరువు సగమైతే మీకు దొరికే సమయం రెట్టింపవుతుంది. బ్యాటరీ అయిపోతే బకెట్‌తో ట్యాంకు నీళ్లే తోడి రెండడుగుల ఎత్తు నుంచి తిరిగి పోస్తూ ఉండాలి. కరెంటు వచ్చాక రెండు రోజులు అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించి, సగం మేతతో మొదలుపెట్టండి.

ప్రశ్న: కొరమీను వేస్తే ఎయిర్ పంపు అక్కర్లేదట, నిజమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చేప మట్టుకు బతుకుతుంది, అది పైకొచ్చి గాలి పీలుస్తుంది. మీ బ్యాక్టీరియా అలా పీల్చలేదు, అది చస్తే అమ్మోనియా పెరిగి కొరమీనుకీ ముప్పే. పంపు ఉంచండి. వల కప్పేటప్పుడు నీటికీ వలకీ మధ్య ఖాళీ వదలండి, చేప పైకి రావాలి కదా. వల అంచులు గట్టిగా కట్టండి, కొరమీను ఎగిరి బయటపడుతుంది.