గాల్లో ఇంజిన్ ఆగిపోతే?

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో పైలట్ ట్రైనింగ్ తీసుకుంటున్నాడు. నడిపేది సెస్నా 172, ఒక్కటే ఇంజిన్. త్వరలో ఒంటరిగా ఎగరాలట. పైన ఉండగా ఇంజిన్ చెడిపోతే వాడి గతేమిటి? ఈ టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఇంజిన్ ఆగినంత మాత్రాన విమానం రాయిలా కిందపడదు. దాన్ని గాల్లో మోసేవి రెక్కలు. ముక్కు కాస్త దించి గంటకు 125 కి.మీ. వేగం నిలుపుకుంటే సెస్నా 172 ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ దాదాపు రెండున్నర కిలోమీటర్లు జారుతూ వెళ్తుంది. అంటే 3,000 అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగితే మీవాడి చేతిలో నాలుగు నిమిషాల దాకా ఉంటుంది. ఆలోచించడానికి అది తక్కువేం కాదు.

ఇది వాళ్లకు పదేపదే నేర్పిస్తారు. మామూలుగా ఎగురుతుండగా ఇన్‌స్ట్రక్టర్ చెప్పాపెట్టకుండా పవర్ తగ్గించేసి ‘నీ ఇంజిన్ పోయింది, ఇప్పుడేం చేస్తావ్?’ అంటాడు. ముందు వేగం సరిచేసుకోవాలి, తర్వాత దిగడానికి పొలమో మైదానమో చూసుకోవాలి, ఆ తర్వాతే ఇంధనం, ఇగ్నిషన్ చూసి ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నించాలి. లోపల ఏదో విరిగి ఆయిల్ అద్దం మీదకి చిమ్ముతుంటే మాత్రం ఆ ప్రయత్నమే వద్దు, ఇంధనం కట్టేసి దిగడం మీదే దృష్టి పెట్టాలి. నేలను తాకే ముందు తలుపుల గడియ తీసి ఉంచమని కూడా నేర్పిస్తారు, ఎందుకంటే దెబ్బకు తలుపు వంగి బిగుసుకుపోతే లోపలివాళ్లు బయటికి రాలేరు.

ప్రమాదమే లేదని మీకు అబద్ధం చెప్పను. నేల దగ్గరవుతుంటే భయంతో ముక్కు పైకి లాగాలనిపిస్తుంది, అలా లాగితే వేగం పడిపోయి రెక్కలు మోయడం మానేస్తాయి. తక్కువ ఎత్తులో అలా జరిగితే తేరుకునే వీలుండదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ‘ఇంజిన్ లేకుండా దిగడం బాగా ప్రాక్టీస్ చేశావా నాన్నా?’ అని అడగండి. ఒంటరిగా పంపేముందు ఇన్‌స్ట్రక్టర్ కూడా చూసేది అదే.

ప్రశ్న: నటుడు హారిసన్ ఫోర్డ్ విమానం ఇంజిన్ ఆగి గోల్ఫ్ మైదానంలో కూలింది కదా. రన్‌వే వెనకాలే ఉంటే తిరిగొచ్చి దిగొచ్చుగా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: ఆయన మొదట అనుకున్నదీ అదే. 2015 మార్చి 5న కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నుంచి రయాన్ పీటీ-22 అనే రెండో ప్రపంచయుద్ధ కాలపు శిక్షణ విమానంలో పైకి లేచిన కాసేపటికే ఇంజిన్ పవర్ పోయింది. వెనక్కి తిప్పారు గానీ రన్‌వే దాకా ఎత్తు సరిపోదని అర్థమై గోల్ఫ్ మైదానం వైపు మళ్లించారు, చెట్టు కొమ్మలకు తగిలి నేలకు కొట్టుకున్నారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు, గాయాలతో బతికి బయటపడ్డారు. చాలామంది అనుకున్నట్టు వెనక్కి తిరగడమంటే సగం చుట్టు కాదు, రన్‌వే వరసలోకి రావాలంటే ఇంకా ఎక్కువే తిరగాలి, తిరిగేకొద్దీ ఎత్తు కరిగిపోతుంది, పైగా విమానాన్ని పక్కకు ఎంత వంచితే గాల్లో నిలవడానికి అంత ఎక్కువ వేగం కావాలి. అందుకే టేకాఫ్ అయిన వెంటనే ఇంజిన్ పోతే ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలోనే దిగమంటారు.

అసలు కారణం వింటే మీలాంటి ఇంజనీరింగ్ పిల్లలకు కోపం రావాలి. ఇంధనాన్ని గాలితో కలిపే కార్బురేటర్‌లో, ఆ ఇంధనాన్ని కొలతగా వదిలే ‘జెట్’ అనే చిన్న భాగం మర విడిపోయి వదులైపోయింది, పెట్రోలు మితిమీరి పారి ఇంజిన్ ఆగిపోయింది. ఆ జెట్‌ను ఎప్పుడెప్పుడు తనిఖీ చేయాలో చెప్పే సూచనలే లేవని దర్యాప్తులో తేలింది. భుజాల బెల్టును కూడా సీటు వెనకున్న పల్చటి అల్యూమినియం రేకుకు సరైన దన్ను లేకుండా బిగించారు, ఆయన గాయాలు ఎక్కువవడానికి అదో కారణమని రిపోర్టు చెప్పింది.