మోడల్ విమానం మీద డెకాల్ ఎందుకు వెండిలా మెరుస్తుంది?

మీరు చెన్నైలో 1/72 స్కేల్ (అసలులో 72వ వంతు) స్పిట్‌ఫైర్, అంటే రెండో ప్రపంచయుద్ధపు బ్రిటిష్ యుద్ధవిమానం మోడల్ కడుతున్నారు, మ్యాట్ (మెరుపు లేని) రంగు మీద అంటించిన డెకాల్ (గుర్తులు అచ్చువేసిన పలుచని పొర) చుట్టూ తెల్లటి మెరుపు వచ్చింది అన్నారు. తప్పు డెకాల్‌ది కాదు. మ్యాట్ రంగు కంటికి నున్నగా కనిపించినా నిజానికి గరుకు. ఆ గుంతల్లో గాలి చిక్కుకుని వెలుగును వెదజల్లుతుంది. అందుకే ముందు గ్లాసీ (నిగనిగలాడే) వార్నిష్ వేయాలి, అది పూర్తిగా ఆరాక డెకాల్, చివర్లో మ్యాట్ వార్నిష్. ఇప్పుడు అంటించినదాన్ని పీకకండి! సన్నని సూదితో అక్కడక్కడా పొడిచి, డెకాల్ సాఫ్ట్‌నర్ (డెకాల్‌ను మెత్తబరిచే ద్రవం) ఒక చుక్క వేయండి. చాలావరకు సర్దుకుంటుంది.

వానాకాలం సాయంత్రాల్లో మాత్రం లాక్కర్ స్ప్రే చేయొద్దు. గాలిలోని తేమకు పూత పాలిపోయి మసకబారుతుంది. నేనైతే ఏసీ గదిలోనే ఆరబెడతాను.

ఇక అరిగిన రంగు చూపించేటప్పుడు కొలత గుర్తుంచుకోండి: ఈ స్కేల్‌లో 1 మిల్లీమీటరు మచ్చ అంటే అసలు విమానం మీద సుమారు 7 సెంటీమీటర్లు. పైలట్ ఎక్కే ఎడమ రెక్క మొదట్లో చిన్న చుక్కలు చాలు. బర్మా యుద్ధరంగం విమానమైతే రెక్కల మీద, పక్కల ఉండే బ్రిటిష్ వైమానిక దళపు గుండ్రని గుర్తులో ఎరుపు ఉండకూడదు. జపాన్ సూర్యుడి గుర్తుగా పొరబడతారని అప్పట్లో తీసేశారు.