నాటుమొక్కల తోటలో వనభోజనం పెట్టుకోవచ్చా?

ఒంగోలులో మీ కాలనీ పార్కు మూలన తంగేడు, తులసి, వావిలి, జిల్లేడు, నిమ్మ పెంచారు. కార్తీకంలో అక్కడే వనభోజనం, ఆపైన నెలకోసారి అందరూ కలవడం అనుకుంటున్నారు. తేనెటీగలు కుడతాయేమో, సీతాకోకలు రాకుండా పోతాయేమో అని అడిగారు.

పెట్టుకోండి. ఇటు ప్రకాశానికి, అటు నెల్లూరుకు కార్తీకమే సరైన అదను. మన పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే కదా. లేత చిగుళ్ళు, వాటిని తినే గొంగళిపురుగులు, వెనకే సీతాకోకలు అన్నీ అప్పుడే. నెలనెలా జరిపి తీరాలనే పట్టు మాత్రం వద్దు. వేసవిలో కానుగ, వేప పూస్తాయి గానీ జనం ఎండకు నిలవరు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా చాలు. వాయుగుండం కబురు వస్తే వాయిదా వేసుకోండి.

వేళ ఉదయం 8 నుంచి 10:30. సాయంత్రం పెడితే పూల మీద పెద్దగా ఏమీ ఉండవు, దోమలు తప్ప.

అసలు చిక్కు పొయ్యి దగ్గర వస్తుంది. ముందురోజే నీళ్ళ ట్యాంకు అడుగున, పెద్ద చెట్ల కొమ్మల కింద తలెత్తి చూడండి. పెద్ద తేనెపట్టు కనిపిస్తే అక్కడ పొయ్యి, టపాసులు, డప్పు ఏవీ వద్దు. పొగ తగిలితే ఆ జాతి ఈగలు గుంపుగా తరుముతాయి. పట్టు లేకపోయినా ఇళ్ళలో వండి తెచ్చుకోవడమే నా సలహా. పొంగలి, పులిహోరతో పేచీ లేదు. స్వీటు డబ్బాలు, జ్యూసు గ్లాసులు మూతలు లేకుండా పెడితేనే తేనెటీగలు చేరతాయి. గ్లాసులో పడ్డ తేనెటీగ నోట్లో కుడితే ప్రమాదం, పిల్లలకు ముఖ్యంగా చెప్పండి.

పట్టాలు పరిచే చోటు ముందే తాడు కట్టి చూపించండి. మన దగ్గర పట్టు పెట్టకుండా ఒంటరిగా బతికే తేనెటీగలు చాలా రకాలు ఉత్త నేలలోనే బొరియలు చేసుకుంటాయి. ఎండ పడే మూల రెండు మీటర్ల చదరం ఊడవకుండా, తొక్కకుండా వదిలేయాలి. ఉత్సాహంగా చీపురు పట్టుకొచ్చేవాళ్ళు ప్రతి కాలనీలో ఉంటారు, వాళ్ళకు ఇంకో పని అప్పజెప్పండి.

చూపించేటప్పుడు అయిదారుగురికి ఒక జట్టు, ఒక్కో జట్టుకు ఒక్క మొక్క. మీటరు దూరంలో, నీడ మొక్క మీద పడకుండా నిలబడాలి. నీడ పడితే పురుగు లేచిపోతుంది. పది నిమిషాలు తేనెటీగలు, తుమ్మెదలు, సీతాకోకలు, మిగతావి అని నాలుగు గళ్ళలో గీతలు పెట్టించండి. మొదటిసారికి పూతమీదున్న తులసి సులువు. తంగేడు దగ్గర ఆ దూరం నుంచే చెవి పెట్టి వినమనండి. ఆ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి సన్నటి రంధ్రాల్లో ఉంటుంది. తుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్ళు అదిరించి దాన్ని రాలుస్తుంది, ఆ జుమ్మనే చప్పుడు బాగా వినిపిస్తుంది.

నిమ్మాకు మీద పిట్టరెట్టలా కనిపించేది, పెరిగాక పచ్చగా మారేది సీతాకోక గొంగళే. గూడూరు నిమ్మతోటల్లో అది తెగులు కింద లెక్క, ఇక్కడ చుట్టం. ఈ సంగతి మొదటే చెప్పకపోతే ఎవరో పెద్దాయన మేలు చేస్తున్నాననుకుని ఏరి నలిపేస్తారు. గొంగళ్ళు ఆకులు తినేసిన జిల్లేడు మొక్కనూ పీకనివ్వకండి. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, పిల్లల చేత తుంచించవద్దు.

తేనెటీగలు తాగడానికి పెట్టే నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వేసి, నీళ్ళు రెండు రోజులకోసారి మార్చండి. లేదంటే దోమపిల్లలు చేరి, ఫాగింగు బండిని మీ కాలనీవాళ్ళే తోటలోకి పిలుస్తారు.

వాన వెలిసిన వారం కలుపు పనికి వాడుకోండి, నేల మెత్తగా ఉండి సర్కారు తుమ్మ మొలకలు వేరుతో వస్తాయి. దాని పూల మీదా తేనెటీగలు వాలుతున్నాయి కదా అని ఉంచారో, నాలుగేళ్ళలో అదే తోట అవుతుంది.

ఎవరికైనా కుడితే ముల్లును గోటితో వెంటనే గీకేసి, అక్కడి నుంచి దూరంగా తీసుకెళ్ళండి. కుట్టిన చోట వచ్చే వాసనకు మరికొన్ని తేనెటీగలు వస్తాయి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, చాలా చోట్ల కుట్టినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.