వశీకరణ పుస్తకాల్లోని ప్రయోగాలు ఎవరికైనా ఫలించాయా?

బస్టాండులో కొన్న వశీకరణ పుస్తకంలో ఉన్నట్టు చేస్తే కోరుకున్న అమ్మాయి మనసు మారుతుందా అని మీరు అడిగారు. మారదు. కడపలో మా మేనమామగారికి చిన్న పుస్తకాల అంగడి ఉండేది. కళాశాల సెలవుల్లో నేను అక్కడ కూర్చునేవాణ్ణి కనుక, ఈ పుస్తకాలనూ, వీటిని కొనేవారినీ దగ్గరగా చూశాను.

ఉగాదికి ముందు పంచాంగాలు, దేవుని కడప రథోత్సవం నాళ్లలో బల్లిశాస్త్రం, పుట్టుమచ్చల ఫలితాలు, స్వప్న ఫలాలు విరివిగా పోయేవి. వాటిని అందరూ బాహాటంగానే అడిగి కొనేవారు. వశీకరణ పుస్తకం కోసం వచ్చినవారు మాత్రం వేలితో చూపి, కాగితం చుట్టి ఇమ్మనేవారు.

ఆ ప్రయోగాల నేర్పంతా నియమాల్లో ఉంది. ఆదివారమూ పుష్యమీ నక్షత్రమూ కలిసిన రోజున, ఎవరి కంటా పడకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా వేరు తవ్వి తెచ్చి, గోరోచనంతో నూరి తిలకం దిద్దుకోవాలని రాస్తారు. దారిలో ఎవరైనా పలకరిస్తే చాలు, లోపం చేసినవాడిదే అవుతుంది. అందుకేనేమో, పుస్తకం అబద్ధమని తగవుకు వచ్చినవారిని నేను చూడలేదు. ఇంతకంటే పెద్ద పుస్తకం ఉందా అని అడిగినవారిని చూశాను.

కళ్లు మూసుకొని అంకె మీద వేలు పెట్టి, ఆ అంకెకు రాసిన ఫలితం చదువుకునే సీతారామ చక్రం వంటివి నిజమనిపించడానికి కారణం వేరు. 1948లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బెర్ట్రమ్ ఫోరర్, బజారులో దొరికే జ్యోతిష పుస్తకం నుండి వాక్యాలు ఏరి, 39 మంది విద్యార్థులకు ఒకే వర్ణనను ఎవరిది వారికే రాసినదని నమ్మించి ఇస్తే, అది తమకు సరిపోయిందని వారు సగటున 5కు 4.26 మార్కులు వేశారు. “కార్యము ఆలస్యముగా నెరవేరును” అన్న మాట మాత్రం ఎవరికి సరిపోదు?

ఇంతవరకూ పోయేది డబ్బే. తినిపించమని చెప్పే ప్రయోగాల సంగతి అలా కాదు. మన వైపు “మందు పెట్టినారు”, అంటే వశం చేసుకోవడానికి తిండిలో ఏదో కలిపారు అనే అనుమానంతో ఎన్నో కాపురాలు చెడిపోయాయి, కానీ నిజంగా పెట్టినప్పుడు జరిగేది అంతకంటే ఘోరం. ఉమ్మెత్త గింజల్లోని అట్రోపిన్, స్కోపలమిన్ అనే విషాల వల్ల నోరు ఎండుతుంది, కనుపాపలు విచ్చుకుంటాయి, మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు, ప్రాణమూ పోవచ్చు. అటువంటిది తిన్నారన్న అనుమానం కలిగితే, మందు కక్కించేవారి దగ్గరకు కాక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఏ గింజ కలిపారో వైద్యునికి దాచకుండా చెప్పాలి.