కాలిఫోర్నియం-252: విచ్ఛిత్తిలో వచ్చే ఆల్ఫాను విడిగా కొలిచేదెలా?

హనుమకొండలో ఎమ్మెస్సీ చదివే తమ్ముడి సందేహం ఇది: కాలిఫోర్నియం అనే రేడియోధార్మిక మూలకం ఎలాగూ ఆల్ఫాలు (హీలియం కేంద్రకాలు) వదులుతూనే ఉంటుంది, మరి విచ్ఛిత్తి సమయంలో, అంటే కేంద్రకం రెండు ముక్కలుగా చీలేటప్పుడు, పుట్టిన ఆల్ఫాను అందులోంచి ఏరేదెలా?

లెక్క చూస్తే భయమేస్తుంది. ఈ కేంద్రకాల్లో దాదాపు 97 శాతం మామూలు ఆల్ఫా క్షయంతోనే పోతాయి, తమంతట తాము చీలేవి 3 శాతమే. ఆ చీలికల్లోనూ ఆల్ఫా తోడొచ్చేది సుమారు 300కు ఒకసారి. అంటే పది వేల క్షయాలకు ఒక్కటి! అన్నీ లెక్కపెట్టి మామూలువి తీసేద్దామంటే కుదరదు.

మనల్ని గట్టెక్కించేది శక్తిలో తేడా. శక్తుల గ్రాఫులో మామూలు ఆల్ఫా 6.1 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, శక్తికి కొలత) దగ్గర సన్నని శిఖరంగా పడుతుంది. చీలిక ఆల్ఫా సగటు 16 ఎంఈవీ, పైగా బాగా వెడల్పుగా పరుచుకుంటుంది. రెండు ముక్కలు విడిపోయే చోట పుట్టి, వాటి వికర్షణ వల్ల అవి పోయే దారికి దాదాపు లంబంగా దూసుకొస్తుంది. అందుకే ముక్కలకు ఒక డిటెక్టరు, దానికి అడ్డంగా ఆల్ఫాకు ఇంకొకటి పెట్టి, రెండూ ఒకేసారి మోగితేనే నమోదు చేస్తారు. ఆల్ఫా వైపు ముప్పై మైక్రాన్లు దాటిన అల్యూమినియం రేకు పెడితే 6.1 ఎంఈవీ ఆల్ఫాలూ, ముక్కలూ అక్కడే ఆగిపోతాయి.

అసలు తలనొప్పి ఆ రేకుతోనే. మా వరంగల్ ల్యాబులో ఉన్నది 5.486 ఎంఈవీ ఆల్ఫాలు వదిలే అమెరీషియం బిళ్ల మాత్రమే. దాన్ని పెట్టిన, గాలి తీసేసిన ఛాంబర్లోకి గాలిని కొద్దికొద్దిగా వదిలితే తెర మీద శిఖరం ఎడమకు జరుగుతూ లావెక్కేది. రేకు చేసేదీ అదే. పోయిన శక్తిని లెక్కగట్టి కలపాలి. తక్కువ శక్తి ఆల్ఫాలు మాత్రం అసలు బయటికే రావు. అందుకే ఎక్కువ శక్తి భాగానికి గాసియన్ (గంట ఆకారపు వక్రరేఖ) ఫిట్ చేసి తక్కువ శక్తి భాగాన్ని ఊహిస్తారు. నా మటుకు ఆ ఊహను నమ్మను, ఎందుకంటే 9 ఎంఈవీ కింద నిజంగా ఉన్నవి గాసియన్ చెప్పేదానికంటే ఎక్కువే.

ఆల్ఫా వైపు ఒక్క మందపు డిటెక్టరు చాలదు, చీలికలో వచ్చే ట్రిటాన్లు (హైడ్రోజన్-3 కేంద్రకాలు) కూడా కలుస్తాయి. ముందు పల్చని సిలికాన్ డిటెక్టరు, వెనక మందపుది పెట్టు, రెండింటిలో వదిలిన శక్తిని పోలిస్తే ఏది ఆల్ఫానో తెలుస్తుంది. డిటెక్టరు క్యాలిబ్రేషన్ (తెలిసిన శక్తులతో స్కేలు సరిచూడటం) అమెరీషియంతో ఆపకు, థోరియం సోర్సులోని పొలోనియం-212 ఇచ్చే 8.78 ఎంఈవీ గీత కూడా తీసుకో. గ్రాఫులో ఫిట్ ఏ శక్తి నుంచి మొదలుపెట్టావో పక్కనే రాయి, వైవాలో ముందు అడిగేది అదే.